జూన్ నీరు, సెప్టెంబరు చేప: లేక్ పావెల్‌లో తొలి శరత్కాలపు గాలపు వేట

సభకు నమస్కారం.

ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామంది పేజ్ పట్టణానికి వెళ్లి, యాంటెలోప్ క్యానియన్ చూసి, హార్స్‌షూ బెండ్ అంచున ఫొటోలు దిగి, వంతెన మీద నుంచి గ్లెన్ క్యానియన్ ఆనకట్టను ఒకసారి చూసుకుని తిరిగి వచ్చేస్తారు. ఆ ఆనకట్ట వెనుక, ఎర్రని ఇసుకరాతి గోడల నడుమ నిలిచిన లేక్ పావెల్ జలాశయపు నీటిలో, వినాయక చవితికీ దసరాకూ మధ్య వచ్చే ఈ రోజుల్లో చేపలు ఎలా మసలుతాయో, ఎక్కడ నిలుస్తాయో, ఎందుకు అక్కడే నిలుస్తాయో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. గాలాల సంగతీ ఎరల సంగతీ తప్పకుండా చెబుతాను. అయితే నా అనుభవం నాకు నేర్పిన ముఖ్య విషయాన్ని ముందే చెప్పి, మిగిలినదంతా దాని చుట్టూ వివరిస్తాను. లేక్ పావెల్‌లో సెప్టెంబరులో మన గాలానికి తగిలే చేప కథ చాలా వరకు జూన్ నెలలోనే తేలిపోతుంది.

ఇది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. కొలరాడో నదికి అడ్డంగా 710 అడుగుల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనుక 1963 మార్చిలో నీరు నిలపడం మొదలుపెట్టగా, అది పూర్తిగా నిండడానికి 1980 జూన్ దాకా, అంటే 17 ఏళ్లు పట్టింది. నిండుకుండగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 3,700 అడుగుల ఎత్తున ఉంటుంది, పొడవు 186 మైళ్లు, పక్క లోయల మెలికలన్నీ కలుపుకుంటే ఒడ్డు పొడవు 1,900 మైళ్లు దాటుతుంది. చుట్టూ ఏడాదికి ఏడెనిమిది అంగుళాల వాన కూడా సరిగా పడని ఎడారి. కాబట్టి ఈ నీరు ఇక్కడి వాన కాదు, కొలరాడో, వయోమింగ్, యూటా రాష్ట్రాల్లోని రాకీ పర్వతాల మీద చలికాలంలో పడిన మంచు. అది ఏప్రిల్ నుంచి కరగడం మొదలై, మే, జూన్ నెలల్లో వరదగా దిగి, జూలై మొదటి రోజులకల్లా జలాశయాన్ని ఆ ఏటి గరిష్ఠ మట్టానికి చేర్చి, ఆ తరువాత తగ్గిపోతుంది. అక్కడి నుంచి మరుసటి వసంతం దాకా నీరు దిగుతూనే ఉంటుంది.

ఈ పెరుగుదల ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. 2023 ప్రారంభంలో నీటిమట్టం దాదాపు 3,520 అడుగులకు, అంటే జలాశయం నిండడం మొదలైన రోజుల తరువాత ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది. ఆ చలికాలంలో మంచు బాగా పడడంతో, జూలై నాటికి అదే నీరు 60 అడుగులకు పైగా ఎగసింది. ఏళ్ల తరబడి ఎండిన ఒడ్డు మీద టామరిస్క్ పొదలూ, గాలికి దొర్లే ముళ్లచెట్లూ దట్టంగా పెరిగి ఉంటాయి. నీరు పెరిగినప్పుడు అవన్నీ మునిగిపోతాయి, కుళ్లి నీటికి బలమిస్తాయి, ఆ బలంతో కంటికి సరిగా ఆనని సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని చిన్న చేపలు పెరుగుతాయి, పెద్ద చేపల నోటికి అందకుండా ఆ పిల్లలు దాగడానికి ఆ మునిగిన కొమ్మలే చాటు అవుతాయి. మంచు తక్కువ పడి నీరు పెరగని ఏడాది ఒడ్డంతా బోసిగా, ఇసుకా నున్నని రాయీ మాత్రమే మిగిలి ఉంటుంది. అప్పుడు చిన్న చేపకు తిండీ ఉండదు, తలదాచుకునే చోటూ ఉండదు. అందుకే సెప్టెంబరు ప్రయాణం తలపెట్టే వారికి నేను చెప్పే మొదటి మాట, ఆ ఏడాది ఏప్రిల్‌కూ జూలైకీ మధ్య నీరు ఎన్ని అడుగులు పెరిగిందో చూసుకోమని. ఆనకట్టను నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ వారు రోజువారీ నీటిమట్టాన్ని ప్రకటిస్తూనే ఉంటారు.

నేను చిన్న చేప అంటున్నది ముఖ్యంగా థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండి రంగు చేపను. దీనిని 1968లో తెచ్చి ఇక్కడ వదిలారు. గోదావరి జిల్లాల వారికి ఈ కుటుంబాన్ని పరిచయం చేయనక్కరలేదు, ఎందుకంటే మన పులస కూడా షాడ్‌లకు దగ్గరి బంధువే. అయితే ఇది వేలెడంత చేప, పులుసుకు పనికి రాదు. లక్షలాదిగా గుంపు కట్టి, నీటి పైపొరలో నోరు తెరుచుకుని తిరుగుతూ, సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. వసంతం చివర గుడ్లు పెడుతుంది కాబట్టి, సెప్టెంబరు వచ్చేసరికి ఆ ఏటి పిల్లలు ఒకటి నుంచి మూడు అంగుళాల వరకు పెరిగి ఉంటాయి. జలాశయంలో వేటాడి బతికే ప్రతి చేపా ఆ రోజుల్లో వీటి వెంటే ఉంటుంది.

వాటిలో అతి ముఖ్యమైనది స్ట్రైప్డ్ బాస్, వెండి ఒంటి మీద నల్లని చారలు బారులుగా ఉండే చేప. దీని పుట్టిల్లు అట్లాంటిక్ తీరం. పులస లాగానే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతుంది. 1974లో దీనిని పావెల్‌లో వదిలినప్పుడు, దీని గుడ్లు పొదగాలంటే ప్రవాహంలో తేలుతూ ఉండాలి కాబట్టి, నిలిచిన నీటిలో సంతానం నిలవదని నిపుణులు భావించారు. ఆ అంచనా తప్పింది. 1970ల చివరికల్లా అది జలాశయంలోనే గుడ్లు పెట్టి సంతానాన్ని నిలుపుకుంది. అంతటితో ఈ నీటి లెక్క మారిపోయింది. షాడ్ విరివిగా ఉన్న ఏడాది చారల బాస్ బలిసి విపరీతంగా పిల్లలు పెడుతుంది, ఆ పిల్లలన్నీ కలిసి షాడ్‌ను ఊడ్చేస్తాయి, తిండి లేక బాస్ చిక్కిపోతుంది, వేటాడేవి తగ్గాక షాడ్ మళ్లీ కోలుకుంటుంది. ఈ చక్రం ఏ మలుపులో ఉందన్నదే మన గంపలో పడే చేప లావుదో బక్కదో చెబుతుంది.

ఇప్పుడు అసలైన శరత్కాలపు సంగతికి వస్తాను. దీనిని కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగిలినవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

వేసవి అంతా ఎండ కాసి జలాశయం పై నీరు వేడెక్కుతుంది. వేడి నీరు తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది, చల్లని నీరు బరువు కాబట్టి అడుగునే ఉంటుంది, రెంటి మధ్యా ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పలుచని పొర ఏర్పడుతుంది. సెప్టెంబరు మొదటి వారంలో పై నీరు ఇంకా 75 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. షాడ్‌కు ఈ వేడి హాయి, ఆ పైపొరే దానికి ఇల్లు. చారల బాస్‌లో ఏడాది, రెండేళ్ల పిల్లలు కూడా ఈ వేడిని బాగానే తట్టుకుంటాయి. కానీ పెద్ద చేప తట్టుకోలేదు. దానికి చల్లని నీరు కావాలి, అందువల్ల వేసవి అంతా అది మధ్య పొరకు కింద ఉండిపోతుంది. తిండి పైన, తాను కింద. పైకి దూసుకువచ్చి ఒకటి రెండు షాడ్‌లను నోట కరుచుకుని వెంటనే మళ్లీ చల్లని నీటిలోకి దిగిపోవడం తప్ప, పైన నిలిచి వేటాడడం దానికి సాధ్యం కాదు. దీనికి తోడు వేసవి చివరి రోజుల్లో, పైనుంచి రాలిన సూక్ష్మజీవుల అవశేషాలు కుళ్లి, మధ్య పొరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. పైన వేడి, మధ్యలో ఊపిరాడని నీరు, అడుగున తిండి లేని చలి. ఆగస్టులో లోతు నుంచి పైకి లాగిన పెద్ద బాస్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. తల పెద్దది, పొట్ట వీపుకు అంటుకుని ఉంటుంది, చర్మం కింద వెన్నెముక వేలికి తగులుతుంది.

రాత్రులు చల్లబడడంతో ఈ స్థితి మారడం మొదలవుతుంది. నెల చివరికి పై నీరు 70 డిగ్రీలకు దగ్గరగా, అక్టోబరు నడిమికి అరవైల్లోకి దిగుతుంది. ఒక్కొక్క డిగ్రీ తగ్గే కొద్దీ షాడ్‌కు కాపుగా ఉన్న ఆ వేడి గోడ పలుచబడుతుంది, పెద్ద చేప పైన నిలవగల సమయం నిమిషాల నుంచి గంటలకు పెరుగుతుంది. తొలి శరత్తు అంటే నా దృష్టిలో ఇదే. చెట్ల ఆకుల రంగును బట్టి కాదు, పడవలోని ఉష్ణమాపకం మీద 74, 73, 72 అని దిగే అంకెలను బట్టి నేను ఋతువును గుర్తిస్తాను.

ఈ రోజుల్లో తెల్లవారుజామున కనిపించే దృశ్యాన్ని అక్కడి జాలరులు ‘బాయిల్’ అంటారు. చారల బాస్ గుంపు షాడ్ గుంపును కింద నుంచి తరిమి, నీటి పైకప్పుకు నొక్కి పెడుతుంది. పారిపోవడానికి ఇక చోటు లేక షాడ్ గాలిలోకి ఎగురుతుంది, వాటి వెంట బాస్‌లు నీటిని చీల్చుకుని లేస్తాయి. అద్దంలా ఉన్న నీరు ఒక్కచోట తెల్లగా చిమ్ముతుంది, నిశ్శబ్దంగా ఉన్న లోయలో ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. గ్రీబ్ పక్షులు ఒకచోట చేరి మునకలు వేస్తుంటే, అక్కడ నీటి కింద షాడ్ ఉన్నదని ముందే తెలుసుకోవచ్చు. కొత్తవారు ఇక్కడ చేసే పని, పడవను పూర్తి వేగంతో ఆ గుంపు మధ్యకు తోలడం. మరుక్షణం నీరు మూసుకుపోతుంది. గాలం విసిరితే అందేంత దూరంలోనే ఇంజన్ వేగం తగ్గించి, గాలి వాలు చూసుకుని పడవను ఆ వైపుకు మెల్లగా తేలనివ్వాలి. షాడ్ ఎంత ఉందో అంతే ఉన్న తెల్లని లేదా వెండి రంగు తేలుడు ఎరను గుంపు అంచుకు ఆవల పడేటట్లు విసిరి, చప్పుడు చేస్తూ లాగాలి. గుంపు మునిగిపోతే అంతటితో అయిపోయిందని కదలిపోకండి. బరువైన లోహపు చెంచా ఎరను అదే చోట అడుగుదాకా వదిలి, వేగంగా చుట్టుకుంటూ పైకి తీసుకురండి. ఆ గుంపు చాలాసార్లు పడవ కిందే ఉంటుంది, నీటి కింది చేపలను చూపే సోనార్ తెర మీద అది నిలువునా వాలిన గీతల రాశిగా కనిపిస్తుంది.

పట్టిన మొదటి చేప పొట్టను కత్తితో చీల్చి చూడడం నేను ఎన్నడూ మానను. అందులో షాడ్‌లు తాజాగా, పొలుసు కూడా చెదరకుండా ఉంటే, ఆ గుంపు దగ్గరలోనే మేస్తున్నదని అర్థం. వాటి పొడవు చూసి ఎర పరిమాణం మార్చుకోవచ్చు. షాడ్ లేకుండా, రొయ్యను పోలిన క్రేఫిష్ పెంకు ముక్కలు ఉంటే, ఆ చేప అడుగున రాళ్లలో మేస్తున్నది కాబట్టి, పైన ఎర తిప్పడం దండగ. అప్పుడు ఉప్పు చల్లిన ఆంకోవీ అనే చిన్న సముద్రపు చేప ముక్కను గాలానికి గుచ్చి, లోతైన నీటిలో గోడ పక్కగా దించడం మేలు. నా ఉద్దేశంలో ఏ పరికరమూ చెప్పలేని సంగతిని ఆ పొట్ట చెబుతుంది.

గడియారం విషయంలో ఒక హెచ్చరిక. అరిజోనా వేసవిలో గడియారాన్ని ముందుకు జరపదు, యూటా జరుపుతుంది, నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్ కూడా జరుపుతుంది. వాహ్వీప్ రేవు అరిజోనాలో ఉంది, యాంటెలోప్ పాయింట్ రేవు నవాహో భూమిలో ఉంది, జలాశయంలో చాలా భాగం యూటాలో ఉంది. సెప్టెంబరు నడిమిలో సూర్యోదయం అరిజోనా లెక్కన ఆరు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు అయితే, యూటా లెక్కన ఏడు దాటాక. ఫోన్ ఏ టవరుకు అందితే ఆ సమయం చూపిస్తుంది, దానిని నమ్మి అలారం పెట్టుకుంటే ఉదయపు మొదటి గంట చేజారిపోవచ్చు. వేటలో విలువైన గంట అదే. ఎత్తైన తూర్పు గోడ ఉన్న లోయలో సూర్యుడు నీటిని ఆలస్యంగా తాకుతాడు కనుక, అక్కడ ఆ గంట మరికొంత సాగుతుంది.

స్మాల్‌మౌత్ బాస్ తీరు వేరు. 1982లో వదిలిన ఈ చేప ఒడ్డును, రాళ్లను అంటిపెట్టుకుని ఉంటుంది. కొండ గోడ నున్నగా, నిట్టనిలువుగా నీటిలోకి దిగిన చోట అందం ఉంటుంది కానీ చేప అంతగా ఉండదు. గోడ విరిగి బండలు జారి పడి, నీటి కింద గుట్టగా నిలిచిన చోటు, సందుల్లో క్రేఫిష్ దాగే చోటు దీనికి కావాలి. జలాశయం పై భాగంలోని గుడ్ హోప్ బే వంటి చోట్ల నేల పొరలు మెత్తనివి కావడంతో ఒడ్డు విరిగి రాళ్ల కుప్పలు విస్తారంగా ఏర్పడ్డాయి, అందుకే స్మాల్‌మౌత్‌కూ, మసక వెలుతురులో మేసే వాలై అనే చేపకూ ఆ చోటు పేరుపొందింది. సెప్టెంబరులో సూర్యుడు పైకి వచ్చాక పది నుంచి పాతిక అడుగుల లోతున, ఆకుపచ్చ రంగు మెత్తని రబ్బరు ఎరను రాయి నుంచి రాయికి మెల్లగా దూకిస్తూ లాగితే చాలు. చారల బాస్ కనిపించని ఉదయాల్లో కూడా ఇది నిరాశపరచదు. పిల్లలతో వెళ్లే కుటుంబాలు దీనితో మొదలుపెట్టడం మంచిదని నా సలహా. రాత్రి ఇసుక ఒడ్డున విడిది చేసేవారు వంటలో మిగిలిన ముక్కలను ఎరగా పెట్టినా ఛానల్ క్యాట్‌ఫిష్, మన జెల్ల జాతి చేప, వచ్చి పడుతుంది.

తొలి శరత్తులో మరొక ముఖ్యమైన అంశం వానలు. జూలైలో మొదలైన ఎడారి వర్షాకాలం సెప్టెంబరులో కూడా విరుచుకుపడుతుంది. ఎక్కడో మైళ్ల దూరంలో కురిసిన వాన, ఇక్కడ నీలాకాశం ఉండగానే, ఇరుకు లోయలోంచి ఎర్రని బురద గోడలా వచ్చి పడుతుంది. 1997 ఆగస్టు 12న యాంటెలోప్ క్యానియన్‌లో 11 మంది పర్యాటకుల ప్రాణాలు తీసింది అటువంటి వరదే, ఆ లోయ నీరు వచ్చి చేరేది ఈ జలాశయంలోకే. కాబట్టి లోయ కొసన వాగు నోట్లో డేరా వేయవద్దని, మబ్బు ఏ దిక్కున ఉన్నా దానిని లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. వాన వెలిసిన తరువాతి రోజుల్లో అదే బురద వేటగాడికి దారి చూపుతుంది. లోయ కొసన నీరు ఇటుక రంగులో ఉండి, ఒకచోట గీత గీసినట్లు ఆగి, ఆవల ఆకుపచ్చగా తేటగా ఉంటుంది. కొత్త నీటితో వచ్చిన పోషకాల కోసం షాడ్ ఆ సరిహద్దుకు చేరుతుంది, చూపుతో వేటాడే బాస్ తేట నీటి వైపున కాపు కాస్తుంది. గీతకు అటూ ఇటూ కాక, గీత వెంబడే ఎర లాగాలి. వరద తెచ్చిన దుంగలు మాత్రం నీటి మట్టానికి సగం మునిగి తేలుతుంటాయి, చీకట్లో వేగంగా పడవ నడపడం ప్రాణానికే ముప్పు.

నీరు దిగుతున్న కాలం కాబట్టి దారులు కూడా మారతాయి. వాహ్వీప్ నుంచి వార్మ్ క్రీక్ అనే పక్క పాయకు దగ్గర దారి అయిన క్యాసిల్ రాక్ కట్ నీరు తగ్గితే ఎండిపోతుంది, అప్పుడు ఇరుకైన పాత నదీ మార్గం వెంట మైళ్ల కొద్దీ చుట్టు తిరగాలి. పోయిన ఏడు లోతుగా ఉన్న చోట ఈ ఏడు బండ కొన నీటికి జానెడు కిందే ఉండవచ్చు. వాహ్వీప్ నుంచి ఎగువనున్న బుల్‌ఫ్రాగ్ రేవుకు నీటి మీద దాదాపు 95 మైళ్లు, మధ్యలో ఫోన్ అందని చోట్లే ఎక్కువ. ఇంధనం లెక్క, లైఫ్ జాకెట్లు, మధ్యాహ్నపు గాలి, ఈ మూడింటినీ బయలుదేరే ముందే సరిచూసుకోవాలి. నిలువు గోడల మధ్య అలలు గోడకు కొట్టుకుని తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి ఢీకొంటాయి కనుక, చిన్న గాలికి కూడా నీరు అన్ని వైపులా ఎగసిపడుతుంది.

ఇక పట్టిన చేపను ఏమి చేయాలన్న విషయం. నేను చెప్పిన ఈ బాస్‌లలో ఒక్కటి కూడా కొలరాడో నదికి పుట్టుచేప కాదు. ఈ నది తన ఎర్రని బురద నీటిలో పెంచుకున్న హంప్‌బ్యాక్ చబ్ వంటి చేపలు ఆనకట్ట వల్లా, వదిలిన కొత్త చేపల వల్లా క్షీణించాయి. జలాశయం నీరు బాగా తగ్గినప్పుడు వేడి పైపొర 3,470 అడుగుల వద్ద ఉన్న, విద్యుత్ తయారీకి నీటిని తీసుకునే గొట్టాల ముఖాలకు దగ్గరవుతుంది. అప్పుడు స్మాల్‌మౌత్‌లు ఆ గొట్టాల ద్వారా కిందికి జారిపోతాయి, కింద నది కూడా వేడెక్కి వాటికి అనువవుతుంది. 2022లో ఆనకట్ట దిగువన స్మాల్‌మౌత్ పిల్లలు కనిపించాయి. గ్రాండ్ క్యానియన్‌లోని చబ్‌కు అది నేరుగా ముప్పు కాబట్టి, 2024లో వేసవి నుంచి శరత్కాలం దాకా లోతైన చల్లని నీటిని వేరే గొట్టాల ద్వారా కలిపి వదిలారు. అందువల్ల పట్టి వదిలేయడమే ధర్మమన్న అభిప్రాయం ఇక్కడి చారల బాస్‌కు వర్తించదని నేను నమ్ముతాను. దీనికి సంఖ్యా పరిమితి లేదు. తినగలిగినన్ని ఉంచుకుని ఇంటికి తీసుకువెళ్లడమే ఈ నీటికి మేలు. మిగిలిన చేపలకు రెండు రాష్ట్రాల నియమాలను ఆ ఏటి పుస్తకంలో చూసుకోవాలి. బతికిన చేపను ఇంకొక చెరువుకు తీసుకుపోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు.

చేప పడవలోకి రాగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, మంచులో పెట్టండి. సెప్టెంబరు ఎండలో అరగంట ఆలస్యమైనా కండ మెత్తబడుతుంది. ముల్లు తీసిన కండ పక్కన ఎర్రగా ఒక పట్టీ ఉంటుంది, నీచు వాసనంతా అందులోనే ఉంటుంది కనుక దానిని కోసి తీసేయాలి. మిగిలిన తెల్లని కండ గట్టిగా ఉండి, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి వేయిస్తే విరగకుండా నిలుస్తుంది. ఆనకట్టకు దగ్గరి భాగంలోని చారల బాస్‌లో పాదరసం ఉన్న కారణంగా రెండు రాష్ట్రాలూ తినే పరిమాణంపై సూచనలు ఇచ్చాయి, గర్భవతులూ చిన్నపిల్లలూ ఉన్న ఇళ్లలో వాటిని చదివి పాటించాలి. పెద్ద చేపలో పాదరసం ఎక్కువగా పేరుకుంటుంది కాబట్టి, వంటకు చిన్న చేపలను ఎంచుకోవడం ఆ విధంగా కూడా మంచిది.

అక్టోబరు రెండవ వారం దాటాక పైన ఎగిసే గుంపులు పలుచబడతాయి. షాడ్ లోయల కొసలకు జరుగుతుంది, పెద్ద బాస్ ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా దాని వెంటే అక్కడికి చేరుతుంది. అప్పుడు తేలుడు ఎరలను పెట్టెలో పెట్టేసి, సోనార్ చూసుకుంటూ చెంచా ఎరను అడుగున ఆడించడమే పని. తిరుగు ప్రయాణంలో పడవ అడుగున ఉన్న బిరడా తీసి, నీటి చుక్క మిగలకుండా కార్చి, కడిగి, ఎండబెట్టిన తరువాతే మరొక నీటిలో దించాలి. 2013 నాటికి ఈ జలాశయంలో తిష్ఠ వేసిన క్వాగా ఆల్చిప్పలు మన పడవ ద్వారా మరొక చెరువుకు పోకుండా చట్టం పెట్టిన నియమం ఇది, రేవు దాటే ముందు తనిఖీ కూడా ఉంటుంది.